గోడ పన్ను

మార్చి ఆఖరు వారం. దేవరకొండల
పొద్దుగాల తొమ్మిదికే ఎండ గల్లా పట్టుకుంటది.
సంకల రసీదు పుస్తకం,
జేబుల ఇంకా ముప్పై ఎనిమిది ఇండ్ల బాకీ.
బిల్ కలెక్టర్‌ను. నన్ను జూస్తే
తలుపులు వాటంతటవే దగ్గరికైతయి,
కుక్కలు మాత్రం ఎదురొస్తయి.

ఖిల్లా దిక్కు మలుపుల కావలి ఈదమ్మ ఇల్లు.
రెండర్రలు, ముందర రేకుల నీడ,
నీడ కింద మిర్చి బండి.
గల్లీ దిక్కు గోడ నిండ మొన్నటి ఎలక్షన్ల రాత:
నెలకింత, ఎకరానికింత,
పెండ్లికింత, పురుడుకింత.
పాడెకు గూడ ఇంతని ఉండేదేమో,
గోడ సరిపోలె.

పెచ్చు లేసిన కాడ దాని కింద ఇంకో రాత,
దాని కింద ఇంకో రంగు.
జెండాలు మారినయి, గుర్తులు మారినయి,
మూడు పొరలల్ల చెక్కుచెదరనిది ఒక్కటే మాట:
'ఇస్తాం'.

"ఎంతయితది సారూ?"
పన్నెండు వందల నలభై. నిరుటిది గలిపి.
ఈదమ్మ శనగపిండి చెయ్యి కొంగుకు తుడుసుకున్నది.
నా దిక్కు జూడలె, గోడ దిక్కు జూసింది.
"గోడకు పన్నున్నది, సరే.
గోడ మీది మాటకు లేదా?"

నా పుస్తకంల దానికి గడి లేదు.

"నన్నడిగి రాసిన్రా? దసరాకు ఏసిన సున్నం నాది,
రాత్రికి రాత్రి పూసిన రంగు వాళ్లది.
రాసినంత ఇయ్యాలంటె పైసలు మళ్ల నా తాననే ఏరాలె గద!
నూనె డబ్బా బిల్లు కింద
చీమలంత అక్షరాలుంటయి జూడు,
అగ్గిపెట్టెల, ఫోను రీచార్జిల,
అన్నిట్ల ఒక చిటికెడు సర్కారుకు.
ఇగ మా ఆయన సంగతా,
పొద్దూకితే వైన్సు కాడ రసీదు లేని పన్ను గట్టొస్తడు.
నెలకు నాకిస్తమన్నది
పది రోజులల్లనే అడ్వాన్సు గట్టేస్తుండు సారూ,
మిగిలిన ఇరవై రోజులు ఎవలికిస్తుండో!"

నవ్విన. ఆమె నవ్వలె.

"ఇయ్యొద్దంటలేను.
మా అత్త పింఛను పడ్డనాడే మా ఇంట్ల కూర ఉడుకుతది.
ఇచ్చెటోడు సొంత ఎడ్లమ్మి ఇచ్చినట్టు
మెడల దండేయించుకుంటడు జూడు,
గది నా కడుపుల మండుతది.
ఎవల పైసలో చెప్పి ఇయ్యమను.
ఏం ఆపి ఇస్తున్నరో
గది గూడ గోడ మీద రాయమను."

ఏం ఆపిన్రో నాకెరుకే.
గల్లీ మొగన మోరీకి శంకుస్థాపన రాయి ఉన్నది,
మోరీ లేదు.
దవాఖానల ఎక్స్‌రే మిషను మీద
దుప్పటి గప్పి ఏడాదాయె.
నాకు జీతం పడక రెండు నెలలు,
బిల్లు పైన ఉన్నదంటరు.
తల ఎత్తి చూస్తే పైన ఆకాశమే ఉన్నది.
అయినా పొద్దున లేసి
అడుగంటిన గల్లాపెట్టెకు చిల్లర ఏరేది నేనే.

నూనె మరకల నోట్లు
రెండుమార్లు లెక్కవెట్టి ఇచ్చింది.
నలభై తక్కువ.
"అవి గోడ కిరాయి కింద పట్టుకో" అన్నది.
ఆ గోడకే వీపు ఆనించి రసీదు రాసిన.
నలభై బాకీ అని గూడ రాసిన.
నా కొలువు గంతే.

రాత్రి అంగీ ఇడుస్తుంటె అడిగింది మా చంద్రకళ,
వీపున గీ నీలి మరకేందని.
అద్దంల జూసుకున్న.
అంగీ మీద తిరగబడ్డ అక్షరాలు
అద్దంల తిన్నగయినయి.
'ఇ' అంటుకోలె.
'స్తాం' అంటుకున్నది.
ముందర ఏ అక్షరం వెడితే ఆ మాటయితది.
చాన సేపు నిలవడి
'మో' వెట్టి చదువుకున్న.

ఉత్త నీళ్లకు పోలె.
తెల్లారి కిరాణం కాడ బట్టల సబ్బు దెచ్చిన.
బిల్లు కింద
చీమలంత అక్షరాలు.